రాక్షసుడికి చిన్నతనం ఎక్కడిది?

ఈమధ్య కథల్లో రాక్షసులకు కష్టాలు వచ్చిపడ్డాయి నాయనా. ఏ మంత్రగత్తెను కదిపినా కన్నీళ్లే. ఏ మాంత్రికుణ్ణి పలకరించినా చిన్నప్పుడు వాళ్ల నాన్న కొట్టాడనీ, బళ్లో ఎవరూ స్నేహం చెయ్యలేదనీ చేట భారతం విప్పుతాడు. మా రోజుల్లో రాక్షసుడికి చిన్నతనం ఉండేది కాదు. పుట్టడమే కోరలతో పుట్టేవాడు. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకునేవాడు. మన పిల్లవాడు పోయి ఆ చిలక మెడ విరిచేవాడు. మేం దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాళ్లం. రాక్షసుడు పాపం ఎందుకలా అయ్యాడో అని మాలో ఎవడికీ నిద్ర పట్టకపోవడం జరగలేదు.

మా మనవరాలు ఉంది, డిగ్రీ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా నన్ను బాగుచేసే పని పెట్టుకుంటుంది. పాత కథల్ని కొత్తగా చెప్పే పుస్తకాలూ, సినిమాలూ ఇప్పుడు తెగ వస్తున్నాయట. పాత కథే అయితే నాకు తెలుసు గదే, మళ్లీ చెప్పడం దేనికంటే వినదు. ‘మలేఫిసెంట్’ అని 2014లో వచ్చిన సినిమా ఒకటి పెట్టి కూర్చోబెట్టింది. నిద్రపోయిన రాకుమారి కథ అది. ఫ్రాన్సులో పెరో అనే ఆయన 1697లోనే అచ్చు వేయించాడు. ఆయన కథలో శాపం పెట్టే ముసలి దేవకన్యకు కోపం ఎందుకొచ్చిందయ్యా అంటే, రాజుగారింట్లో బారసాలకు అందరినీ పిలిచి ఈవిడను పిలవలేదు. అంతే. ఆ కారణం మాకు చాలు. బొట్టు పెట్టి పేరంటానికి పిలవలేదని రెండు తరాలు మాటల్లేకుండా బతికిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. శాపాలు పెట్టే శక్తి లేక ఊరుకున్నారు గానీ, ఉంటేనా, సగం ఊరు నూరేళ్లు నిద్రపోయేది. సినిమా వాళ్లకు మాత్రం అది చాల్లేదు. ఆవిడకు రెక్కలు పెట్టి, ప్రేమించినవాడి చేత ఆ రెక్కలు కోయించి, ఆ తర్వాత గాని శాపం పెట్టనివ్వలేదు. పేరంటానికి పిలవకపోవడం ఎంత పెద్ద విషయమో మీ తరానికి తెలియకపోతే దానికి నేనేం చెయ్యను?

తర్వాత ‘సర్సీ’ అని ఒక లావుపాటి నవల చేతిలో పెట్టింది. మాడెలిన్ మిల్లర్ అనే అమెరికా ఆవిడ రాసింది, 2018లో. గ్రీకుల కథ. సూర్యుడి కూతురు ఒకతె దీవిలో ఒంటరిగా ఉంటుంది, వచ్చిన ఓడవాళ్లను పందులుగా మార్చేస్తుంది. నాలుగు పేజీలు తిరగేసి, ఈ పిల్ల నాకు తెలుసే అన్నాను. తెలియకేం! చందమామలో ‘రూపధరుడి యాత్రలు’ అని సీరియల్ వచ్చేది. హోమరు రాసిన ఒడిస్సీకి తెలుగు చొక్కా తొడిగారన్నమాట. ట్రోయ్ యుద్ధం నుంచి ఇంటికి పోలేక సముద్రంలో ఏళ్ల తరబడి తిరిగిన ఆ మహావీరుడు మాకు రూపధరుడు. వాడు గ్రీకువాడని నాకు కాలేజీకి వెళ్లాక గాని తెలియలేదు. అప్పటిదాకా బందరు రేవులో ఓడ ఎక్కినవాడే అనుకున్నాను.

చందమామ అంటే మీకు ఆకాశంలోదే తెలుసు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టిన పత్రిక గురించి చెబుతున్నాను. కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని ఏళ్ల తరబడి నడిపారు. దాసరి సుబ్రహ్మణ్యం గారు ‘తోకచుక్క’, ‘మకరదేవత’ లాంటి సీరియల్స్ రాసేవారు, చిత్రా గారు బొమ్మలు వేసేవారు. కథ సరిగ్గా లోయ అంచున ఆగిపోయేది. మళ్లీ నెల దాకా హీరో అక్కడే వేలాడుతూ ఉండాలి, మేమూ వాడితో పాటు వేలాడాలి. మా ఊరి లైబ్రరీకి వచ్చేది ఒక్కటే కాపీ. అది మా దాకా వచ్చేసరికి ఎవడో బేతాళ కథ పేజీ చింపి పట్టుకుపోయేవాడు. బేతాళుడి ప్రశ్న ఉండేది, విక్రమార్కుడి జవాబు ఉండేది కాదు. ఆ జవాబు కోసం మేం అరుగు మీద కూర్చుని పొద్దుగూకే దాకా కొట్టుకునేవాళ్లం. మీరో? సీజను మొత్తం ఒక్క రాత్రిలో చూసేసి, పొద్దున్నే ఇంకేమీ లేదని మొహం వేలాడేస్తారు. మా మనవరాలు పుస్తకాన్ని చెవిలో పెట్టుకుని వింటుంది, అదీ ఒకటిన్నర స్పీడులో. అంత తొందరగా విని, మిగిలిన టైము ఏం చేస్తావే అంటే, ఇంకో పుస్తకం వింటానంది.

కథకు తొందర పనికిరాదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచిపోతూ తోడుకు ఒక పశులకాపరిని రమ్మంటాడు. వాడు ఊరికే వస్తాడా? దారిలో నేను చూసిన ప్రతి వింతకూ మజిలీలో కథ చెప్పాలి, లేకపోతే అక్కడే వెనక్కి తిరుగుతానని షరతు పెట్టాడు. పాపం ఆయన చెప్పాడు, వాడు విన్నాడు, కాళ్ల నొప్పులు తెలియకుండా కాశీ చేరారు. ఇప్పుడు హైదరాబాదులో విమానం ఎక్కితే రెండు గంటల్లో కాశీ. బెల్టు పెట్టుకోవడం, తీసుకోవడం, అంతే. కథ ఎక్కడ చెబుతారు?

పాతాళభైరవి కూడా ఆ మజిలీల్లోంచి వచ్చిందే. 1951 సినిమా అయినా మా ఊరి టూరింగు టాకీసుకు పాతబడటమంటూ లేదు. చూసి వచ్చాక ఊరి పిల్లలందరం మాంత్రికుడి వేషం వేసిన ఎస్వీ రంగారావు గొంతుతోనే మాట్లాడాం. హీరో తోట రాముడిలా మాట్లాడినవాడు నాకు తెలిసి ఒక్కడు లేడు. అంటే మాకూ మాంత్రికుడే నచ్చాడంటావా? నచ్చాడు, అయితే ఏమిటి? వాడి అమ్మానాన్నల గురించి ఎవడైనా అడిగాడా?

అసలు కథ చెప్పడమంటే మా నాయనమ్మది. పెరట్లో నులకమంచం వాల్చి, పక్కన కూర్చుని చింతపండు కొడుతూ బాలనాగమ్మ కథ చెప్పేది. రాయి మీద సుత్తి టక్కు టక్కుమంటూ ఉండేది, గింజలు ఎగిరి మా మీద పడేవి. మాయల ఫకీరు భిక్షకు వచ్చి వాకిట్లో నిలబడేసరికి ఆ సుత్తి ఆగిపోయేది. ఆ చప్పుడు లేకపోవడమే మాకు భయం. వాడు బాలనాగమ్మను కుక్కను చేసి నాగళ్లపూడి గట్టుకు తీసుకుపోయాక గాని మళ్లీ చింతపండు కొట్టేది కాదు. ఒక్కోరోజు ఒక్కోరకంగా చెప్పేదనుకోండి. నడుం నొప్పిగా ఉన్న రోజు బాలనాగమ్మ కొడుకు బాలవర్ధి ఏడు సముద్రాలూ రెండు మాటల్లో దాటేవాడు. మా అత్త అత్తారింటి నుంచి ఉత్తరం రాయని రోజుల్లో ఫకీరు ఇంట్లో బాలనాగమ్మ పడ్డ బాధలు అర్ధరాత్రి దాకా సాగేవి. నిన్న ఇలా చెప్పలేదుగా అంటే, నీకు తెలిస్తే నువ్వే చెప్పరా అనేది. అది వేరు. అది మా నాయనమ్మ. దాన్ని రీటెల్లింగ్ అంటే ఊరుకోను.

ఓల్గా గారి ‘విముక్త’ కూడా ఇచ్చింది మా మనవరాలు. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం. అందులో సీత శూర్పణఖను కలుస్తుంది. ముక్కు కోసిన తర్వాత ఆవిడ తోట పెంచుకుంటూ బతుకుతోంది. ఎన్ని హరికథలు విన్నాను, ఎన్ని తోలుబొమ్మలాటల్లో ఆ ముక్కు తెగుతుంటే ఈలలు వేశాను! ఆ తర్వాత ఆవిడ ఎటు పోయిందని ఒక్కసారీ అనుకోలేదు. ఏం చెయ్యను, ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సరే, అది చిన్న పుస్తకం కాబట్టి బతికిపోయింది. ‘సర్సీ’ మాత్రం తెల్లవారుజాము దాకా కళ్లు పోగొట్టుకుని చదవాల్సొచ్చింది. ఆకలి అంటూ వచ్చినవాళ్లకు అన్నం పెట్టిన ఒంటరి ఆడదాని మీదే ఆ ఓడవాళ్లు చెయ్యి వేస్తే, పందుల్ని చెయ్యక పట్టుబట్టలు పెట్టి పంపుతుందా? ఈ మాట మనవరాలితో అనలేదు. అంటే నెత్తికెక్కుతుంది.

అందుకని ఒక బేరం పెట్టాను. మీ తరంవాళ్లందరికీ అదే చెబుతున్నాను. మీరు ఇచ్చినవి నేను చదువుతాను, కాస్త పెద్దక్షరాలవి తెండి. బదులుగా ఒక్క రాత్రి ఫోను అవతల పెట్టి, నా దగ్గర కూర్చుని బాలనాగమ్మ కథ మొత్తం, మామూలు స్పీడులో వినాలి. ఊ కొట్టాలి. మధ్యలో నిద్రపోతే తప్పు లేదు, ఆ కథలున్నదే అందుకు. ఫకీరు చిన్నప్పుడు ఏం జరిగిందని మాత్రం అడగొద్దు. నిజంగా నాకు తెలియదు. మరీ పట్టుబట్టి అడిగితే ఏదో ఒకటి అల్లి చెబుతాను, మా నాయనమ్మ మనవణ్ణే కదా.