మూలల్లేని పలక

ఆటబల్ల చుట్టూ ఎవరు చేరినా ముందు ఏనుగునే చూస్తారు. అంబారీలో కూర్చున్న నిజాం అలీఖాన్ తలపాగాకు మా వాడు రాత్రుళ్ళు మేలుకుని రంగు వేశాడు. ఏనుగు ఝూలు అంచున బంగారు గీత దిద్దాడు. నేనుండేది వాటన్నిటి కింద. అడ్డుకొలత 60 మిల్లీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు. ఎం.డి.ఎఫ్. చెక్క. గుండ్రంగా ఉంటాను. బల్ల మీద బొమ్మలతో యుద్ధక్రీడలాడేవాళ్ళు నన్ను బేస్ అంటారు. నన్ను ఎవరూ మెచ్చుకోరు గాని, ఏనుగును జరపాలంటే మాత్రం పట్టుకోవలసింది నన్నే. అంబారీ పట్టుకుని లేపబోయినవాడికి మా వాడి చేత తిట్లు తప్పవు.

నేను పుట్టింది హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్తా బజార్‌లో, పెళ్ళికార్డులకు పూలతీగలు కోసే లేజర్ మిషన్ మీద. ఆపరేటర్ డ్రాయింగ్ చూసి "కీచెయిన్లా భాయ్?" అన్నాడు. "కాదు, ఫౌజు నిలబడే జాగ" అన్నాడు మా వాడు. అతను ఇంకేమీ అడగలేదు. ఒక్క మాట మాత్రం చెప్పాడు. కిరణం గీత పొడవునా కొంత చెక్కను కాల్చేస్తుంది కాబట్టి ఒక్కో పలకకు 0.2 మిల్లీమీటర్ల దాకా తరుగు పోతుందట. గుండ్రంగా, ఒంటరిగా తిరిగే నాకు అదో లెక్క కాదు. పక్కపక్కన నిలబడే సిపాయిల పలకలకు మాత్రం లెక్కే. పదింటిని వరుసపెడితే 2 మిల్లీమీటర్లు తగ్గుతాయి. అందుకని గీతను ఆ మేరకు బయటికి జరిపించి మరీ కోయించాడు.

కోత నిమిషంలో అయిపోయింది. కొలత తేలడానికే నెలలు పట్టింది.

మా వాడు ఆడదలచిన యుద్ధం ఖర్డా. 1795 మార్చి 11న, ఇప్పటి మహారాష్ట్రలో, ఇటీవలి దాకా అహ్మద్‌నగర్ అని పిలిచిన ప్రాంతంలో, నిజాం సేనకూ మరాఠా సేనకూ జరిగింది. నిజాం పక్షాన ఫ్రెంచి పద్ధతిలో తయారైన పటాలాలకు సేనాని రేమండ్. ఇవాళ్టి మూసారాంబాగ్‌కు పేరిచ్చింది, గన్‌ఫౌండ్రీలో తోపుల కార్ఖానా పెట్టించింది ఆ రేమండే. బొమ్మలేమో 15 మిల్లీమీటర్లవి. అంటే మనిషి బొమ్మ పాదం నుంచి కళ్ళ దాకా దాదాపు అంత ఎత్తుంటుంది.

ఈ సైజు బొమ్మలకు ఒక పాత ఆనవాయితీ ఉంది. ఫిల్ బార్కర్ 1990లో తెచ్చిన డి.బి.ఎ. అనే ఆటలో ప్రతి పలకకూ ముందువైపు వెడల్పు 40 మిల్లీమీటర్లే. లోతు మాత్రం మారుతుంది. ఈటెలవాళ్ళకు 15, విలుకాళ్ళకు 20, గుర్రాలకు 30, ఏనుగుకు 40. అది ప్రాచీన కాలపు యుద్ధాల ఆట అయినా, ఆ నలభై వెడల్పు తుపాకుల కాలం ఆటల్లోకీ పాకింది. అందరి ముందు వెడల్పూ ఒకటే అయితే ఎదురెదురు వరుసలు చక్కగా ఆనుతాయి, ఎవరు ఎవరితో కలబడ్డారన్న తగువు ఉండదు. ఒక్క ఆటకే కొలతలు పెట్టుకుంటే ఆ సేన ఇంకో ఊళ్ళో, ఇంకో ఆటలో పనికిరాదు. అతికించిన బొమ్మలన్నీ ఊడబీకి మళ్ళీ అతికించాలి. ఈటె విరగకుండా ఆ పని చేసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

సరే, ఏనుగుకు నలభై బై నలభై అనుకుని, పెళ్ళికార్డుల అట్టముక్క కోసి కింద పెట్టి చూశాడు. తొండం ముందుకు, తోక వెనక్కి వేలాడాయి. ముందున్న గుర్రపురౌతు వీపుకు దంతం తగిలింది. యాభై పెట్టాడు, అరవై పెట్టాడు. అప్పుడు మా వాడి తాత అడిగాడు: "ఏనుగు కాళ్ళు పట్టినయి గదరా, ఇంక పెద్దగెందుకు?"

నా గురించి అడగదగిన ప్రశ్న అదొక్కటే. దానికి మా వాడు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఆటలో 40 మిల్లీమీటర్ల పలక ఒక పటాలం. పటాలంలో 600 మంది ఉన్నారనుకుందాం. మూడు వరుసల్లో నిలబడితే వరుసకు 200 మంది, మనిషికి రెండడుగులు. మొత్తం 400 అడుగులు, సుమారు 120 మీటర్లు. అంటే బల్ల మీద ఒక మిల్లీమీటరు నేల మీద మూడు మీటర్లు. ఆరడుగుల బల్ల మీద అయిదున్నర కిలోమీటర్ల మైదానం పడుతుంది. పలక ఇరవై అయితే మైదానం రెట్టింపు, ఎనభై అయితే సగం. బొమ్మ ఎంత పెద్దదన్నది కంటికి సంబంధించిన సంగతి. భూమిని కొలిచేది మాత్రం పలకే.

ఆ లెక్కన తొండం నుంచి తోక దాకా ఏనుగు రెండు మిల్లీమీటర్లకు మించి ఉండకూడదు! తాత పడీపడీ నవ్వాడు.

ఇది కొత్త తెలివేమీ కాదు. ప్రష్యాలో రైస్విట్జ్ 1824లో సైనికాధికారుల కోసం క్రీగ్‌స్పీల్ అనే ఆటను ప్రచురించినప్పుడు అందులో బొమ్మలే లేవు. ఉన్నవి దిమ్మెలు. 1:8000 పటం మీద ఒక్కో దళం నిజంగా ఎంత మేర ఆక్రమిస్తుందో అంతే కొలతకు చేసిన దిమ్మెలవి. అంటే పలకలు ముందు పుట్టి, బొమ్మలు తర్వాత మా నెత్తికెక్కాయన్నమాట. ఈ మాట ఏనుగు ముందు అనను.

పలక సైజుకు ఇంకో పని కూడా ఉంది. మా వాడు దాన్ని బిళ్ళలతో కనిపెట్టాడు. 1992లో వచ్చిన స్టీలు రూపాయి బిళ్ళ వెడల్పు సరిగ్గా 25 మిల్లీమీటర్లు. ఒక్కొక్క మనిషీ విడిగా తిరిగే ఆటల్లో మామూలు సిపాయికి ఇచ్చే పలకల్లో అదొకటి. ఒక బిళ్ళ చుట్టూ అవే బిళ్ళలు పేరిస్తే ఆరు పడతాయి, ఏడోదానికి చోటుండదు. మధ్యది 40 అయితే ఏడు. 60 అయితే పది. పెద్ద పలక వాడి మీద పదిమంది ఒకేసారి పడగలరు, వాడూ పదిమందిని అందుకోగలడు. ఇలా పలక మార్చి లాభపడేవాళ్ళున్నారు కనుకనే ఆట మొదలయ్యే ముందు స్కేలు తీస్తారు. వార్‌హామర్ అనే బొమ్మల యుద్ధక్రీడను తయారుచేసే ఇంగ్లీషు కంపెనీ 2015లో చదరపు పలకల్ని గుండ్రం చేసింది. 2024లో మరో ఆటతో చదరాలను మళ్ళీ తెచ్చింది. ఇంట్లో పాత సేనలున్నవాళ్ళ ఏడుపు ఎవరికెక్కాలి?

ఇంత లెక్కలోనూ అరవై అన్న అంకె తేలలేదు. అది దబీర్‌పురాలో తేలింది.

మొహర్రం పదోరోజు అక్కడి నుంచే బీబీ కా ఆలం అనే పీరు ఏనుగు మీద చాదర్‌ఘాట్ వైపు బయలుదేరుతుంది. ఆషాఢం బోనాలకు హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఊరేగేదీ ఏనుగు మీదే. మా వాడు రెంటికీ వెళ్ళేవాడే గాని, ఆ ఏడు మొహర్రం నాడు ఏనుగును వదిలి ఏనుగు చుట్టూ ఉన్న ఖాళీని చూశాడట. సందు నిండా జనం. మేడల మీద జనం. అయినా ఏనుగు చుట్టూ ఒక జాగా ఎప్పుడూ మిగిలే ఉంది. ముందు తొండం అందినంత మేర, పక్కన మావటీ మనుషులూ తాడు పట్టుకున్నవాళ్ళూ. ఏనుగు కదిలితే ఆ జాగా దానితోబాటు కదిలింది. జనం విడిపోయారు, వెనక మళ్ళీ కలిశారు. ఇంటికొచ్చి తాతతో, "ఏనుగుకు కాదు తాతా, దాని చుట్టున్నోళ్ళకు జాగ ఇయ్యాలె" అన్నాడు. నిజాం ఏనుగు చుట్టూ జెండాలవాళ్ళు, సొంత రౌతులు, చోబ్‌దార్లు, కబురు మోసేవాళ్ళు. అరవై మిల్లీమీటర్లంటే 180 మీటర్లు. ఒక సర్కారు సవారీకి అది ఎక్కువేమీ కాదు. నా మీద ఏనుగు పక్కన ఇద్దరు జెండాలవాళ్ళూ ఒక రౌతూ అందుకే ఉన్నారు.

మరి గుండ్రం ఎందుకు? పటాలానికి ముందువైపు ఉంటుంది, పక్కలుంటాయి. పక్కనుంచి కొడితే నష్టం ఎక్కువ. తిరగాలంటే ముందుమూలను బిగబట్టి తిరగాలి. ఆ లెక్కలన్నిటికీ మూలలు కావాలి. 1795 నాటికి ఏనుగు శత్రువును తొక్కే ఆయుధం కాదు, దొర కూర్చునే ఎత్తు. ఎటు తిరిగినా ఒకటే. బల్ల మీద మూలలు లేనివాణ్ణి చూడగానే సేనాని అని దూరం నుంచే తెలుస్తుంది.

సాలార్‌జంగ్ మ్యూజియం పిల్లల గదిలో యుద్ధానికి బారులు తీరిన బొమ్మ సైనికులున్నారు. మా వాడికి ఈ పిచ్చి పట్టింది ఆ అద్దాల ముందే. ఆ పాతకాలపు లోహపు సిపాయిలకు కాళ్ళతోపాటే అచ్చులో పోసిన చిన్న అడుగుపలక ఉంటుంది, పడిపోకుండా నిలబెట్టడానికి సరిపోయేంత. హెచ్.జి. వెల్స్ 1913లో బొమ్మలతో యుద్ధమాడే నియమాలు పుస్తకంగా రాసినప్పుడు అలాంటివాటితోనే ఆడాడు. వాళ్ళ పలకలకు కొలత బాధ లేదు.

ఇక నాకు మిగిలింది మందం, ఒంటిరంగు. మూడు మిల్లీమీటర్ల మందం ఎందుకంటే రెండైతే జిగురు తడికి విల్లులా వంగుతుంది. పైన ఇసుక. వాడేసిన చాయ్‌పత్తి ఎండబెట్టి అక్కడక్కడా చల్లాడు. హైదరాబాద్ ఎర్రమట్టి రంగు వేయబోతే తాత ఆపి, అటువైపంతా నల్లరేగడి అన్నాడు. మార్చి నెల గనుక దాని మీద పండిన గడ్డి రంగు. కింద అయస్కాంతం రేకు అతికించాడు. స్టీలు డబ్బాలో పెట్టి ఆటోలో ఎంత దూరం తీసుకెళ్ళినా ఏనుగు కదలదు.

మొన్నటి ఆటలో చరిత్రలో జరిగినట్టే జరిగింది. నిజాం వరుస చెదిరింది, మా వాడు నన్ను ఖర్డా కోటలోకి తగ్గించాలనుకున్నాడు. అసలు కథలో నిజాం ఆ కోటలోనే చిక్కుకుని, దివాన్ అరిస్తూజాను మరాఠాలకు అప్పగించి బయటపడ్డాడు. థర్మాకోల్ కోట ద్వారం వెడల్పు 50 మిల్లీమీటర్లు. నేను 60.

"పలక పట్టలే. ఏనుగు బైటనే" అన్నాడు మరాఠాల పక్షం ఆడుతున్న షాలిబండ దోస్తు.

"పలక ఏనుగు కాదు, జనం" అన్నాడు మా వాడు.

దోస్తు ఒప్పుకోలేదు. కొలతల కోసం నెలలు తిన్నవాడు ఇప్పుడు కొలత వద్దంటే ఎట్లా అన్నాడు. న్యాయమే. తాత మంచం మీద నుంచే తీర్పు చెప్పాడు: "జనం ముందోళ్ళు ముందు, ఎనకోళ్ళు ఎనక పోతరు. జర సేపు పడ్తది."

అలా కొత్త నియమం రాసుకున్నారు. సేనాని పలకకు ద్వారం వెడల్పు అడ్డు కాదు గాని, లోపలికి పోవడానికి ఒక పూర్తి వంతు పడుతుంది. ఆ వంతంతా సగం లోపల, సగం బయట ఉన్నాను. బయట మిగిలిన నా అంచుకు ఎన్ని నలభైలు ఆనుతాయో దోస్తు అప్పుడే పేర్చడం మొదలుపెట్టాడు.