నెలనెలా వస్తే అనుమానమే!

మార్కాపురం కుర్రాడు బెర్లిన్‌లో ఎమ్మెస్‌కి దిగాడు. తల్లి తొలి ఫోన్‌లోనే హెచ్చరిక: "నాయనా, అక్కడి కుళాయి నీళ్లు తాగబాకరా, క్యాను తెప్పించుకో!" ఊళ్లో ఫ్లోరైడు నీళ్లతో కీళ్లు పట్టేసిన వాళ్లను చూసిన కళ్లు మరి. వాడేమో సింకు దగ్గరే గ్లాసు పట్టి గటగటా తాగేస్తున్నాడు.

వీసాకి జర్మనీ వాళ్లు ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ముందే ఖాతాలో వేయించి, నెలకు 992 చొప్పున వదులుతారు. మన డబ్బే, మనకే చుక్కలుచుక్కలుగా! కుర్రాడు కంగారుపడలేదు. ఊరికి కృష్ణ నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు నిధుల విడుదల చూస్తూ పెరిగినవాడు. కాకపోతే ఇది ప్రతి నెలా ఠంచనుగా వస్తోంది, అదే వాడి అనుమానం.

వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగేనాటికి వాడి నాన్నకింకా పెళ్లే కాలేదు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. సభకు జనం వచ్చారు, నీళ్లే రాలేదు.

"చదువయ్యాక ఎప్పుడొస్తావురా?" అన్నాడు నాన్న.

"సొరంగంలోంచి కృష్ణ నీళ్లు మనింటి కుళాయికొచ్చిన మర్నాడే!"

"ఏమేవ్, వీడికి సంబంధం అక్కడే చూడాలి!"