కాంతికి రెండు మార్కులు

కాంతి రుజుమార్గంలో ప్రయాణిస్తుందని మన ఐదో తరగతి పిల్లలందరికీ తెలుసు. ఎలా తెలిసిందని మాత్రం అడక్కండి. సార్ చెప్పారు. సార్‌కి గైడు చెప్పింది. గైడుకి పోయినేడాది గైడు చెప్పింది.

పాఠం జరిగే తీరు చూసి తరించాల్సిందే. బయట ఎండ పేలిపోతుంటుంది. డిజిటల్ బోర్డు మీద బొమ్మ ఆనడం లేదని కిటికీలు మూయిస్తారు, పరదాలు దింపిస్తారు, ట్యూబులైట్లు ఆర్పిస్తారు. గదిలో ఉన్న కాంతినంతా గెంటేశాక కాంతి పాఠం మొదలవుతుంది. తెర మీద బొమ్మ సూర్యుడు నవ్వుతూ బాణం గుర్తులు వదులుతుంటాడు. గాజు పట్టకం, భూతద్దం, అద్దం స్టాకు రిజిస్టర్లో భద్రం. ఇన్‌స్పెక్షన్ నాడు బీరువాలోంచి తీసి, తుడిచి, లెక్క చూసి, మళ్లీ తాళం వేస్తారు. వాటి మీద వెలుతురు పడేది ఆ అరగంటే.

చిక్కల్లా వేపచెట్టుతో వచ్చింది. మధ్యాహ్న భోజనం పళ్లెంతో చెట్టు కింద కూర్చున్న పిల్లకి నేల మీద ఎండ మచ్చలు కనిపిస్తాయి. ఆకుల సందులు చూస్తే చీలికలూ మూలలూ, ఒక్కటీ తిన్నగా ఉండదు. కింద మచ్చలేమో రూపాయి బిళ్లల్లా గుండ్రంగా ఉన్నాయి. ఎందుకు సార్? "మాట్లాడకుండా తిను."

సార్‌ని అని లాభం లేదు, ఆయన్నీ ఇలాగే తినమన్నారు. ఆ మచ్చ సందు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. సందు చిన్నదై, నేల తగినంత దూరంలో ఉంటే అది సూదిబెజ్జం కెమెరాయే. సూర్యుడికీ మనకీ ఉన్న దూరం ఆయన వ్యాసానికి సుమారు 108 రెట్లు. అందుకే పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు సందు ఎంత ఎత్తులో ఉంటే, మచ్చ అందులో 108వ వంతు. నాలుగు మీటర్ల పైనున్న సందుకి మచ్చ నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. స్కేలూ, భాగహారమూ చాలు. నూట ఎనిమిది అనగానే చేతులు జోడించే జాతి మనది; అదే నూట ఎనిమిది చెట్టు కింద పడి ఉంటే తొక్కుకుంటూ బడిగంటకి పరుగెడతాం.

సూర్యగ్రహణం పడితే ఆ మచ్చలన్నీ నెలవంకలవుతాయి. ఆకాశం వైపు కన్నెత్తకుండా, నేలచూపులు చూస్తూనే గ్రహణం చూడొచ్చు. నేలచూపుల్లో మనకి మంచి శిక్షణే ఉంది గానీ, ఆ పూట పిల్లలు తలుపులేసిన గదుల్లో ఉంటారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం తెలుగునేల మీదుగానే వెళ్లింది. ఉస్మానియావారి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలిస్తుంటే, జనం తలుపులు బిడాయించుకున్నారు. ఆనాడు గదిలో ఉన్న పిల్లలే ఈనాడు తాతలై గడియలు వేస్తున్నారు. గ్రహణం దాకా ఎందుకు, హైదరాబాదులో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు తొలి రోజుల్లో ఒకసారి, మిట్టమధ్యాహ్నం నిలువు కర్ర నీడ మాయమవుతుంది. మేలో సెలవులు. ఆగస్టులో మబ్బు. మబ్బు లేకపోతే యూనిట్ టెస్టు.

పిల్లలు చేసి, వెతికి, కనిపెట్టి నేర్చుకోవాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అంటుంది. చట్టాన్ని గౌరవించాం. "ఏం గమనించావు?" అని పుస్తకంలో ఖాళీ వదిలాం. ఏం గమనించాలో సార్ డిక్టేట్ చేస్తారు, నలభై మందీ ఒకే మాటల్లో గమనిస్తారు. పిల్లల్ని బయటికి తీసుకెళ్లే టీచర్లు లేరా అంటే, ఉన్నారు. సిలబస్ ఎందుకు కాలేదన్న మెమో కూడా వాళ్లకే వస్తుంది. కార్పొరేట్ బళ్లలో ఆ బెంగ లేదు. చిన్న తరగతుల నుంచే ఐఐటీ ఫౌండేషన్. పునాది అంత లోతుకి తవ్వాక వెలుతురు ఎక్కడ చేరుతుంది?

ఫిబ్రవరి 28న రామన్ పేరిట సైన్సు దినోత్సవం ఘనంగా చేస్తాం. విశాఖపట్నంలో బడికెళ్లిన సి.వి. రామన్, సముద్రం నీలం గురించి 1921లో ఓడ మీద ఆలోచించాడు కాబట్టి సరిపోయింది. ఐదో తరగతిలో అడిగి ఉంటే గోడకుర్చీయే. ఆయన పేరిట సభలో అతిథులు షామియానా కింద, పిల్లలు ఎండలో. కాంతి మీద రెండు గంటల ఉపన్యాసం. గుడ్డ కాంతిని ఆపుతుందని పిల్లలు స్వయంగా తెలుసుకునేది ఆ రోజే.

ఇక పరీక్ష. పాక్షిక పారదర్శక పదార్థానికి ఉదాహరణ రాయండి, రెండు మార్కులు. ఒక పిల్ల "బజ్జీ కాగితం" అని రాస్తుంది. బండి దగ్గర తిన్నాక, నూనె పీల్చిన కాగితాన్ని వీధిదీపానికి అడ్డం పెట్టి తన కళ్లతో చూసింది మరి. కీలో "నూనె పూసిన కాగితం" అని ఉంది. బజ్జీ ఊసే లేదు. సున్నా చుట్టి, పక్కన ఎర్ర ఇంకుతో రాశారు: "సొంతంగా రాయరాదు."