నెత్తికా, కడుపుకా?

అన్నము మాని నేటికి ఇరువది మూడు దినములైనది. ఈ ఇరువది మూడు దినములలో నా బరువు రెండు కిలోలు తగ్గగా, బంధుమిత్రులకు నాయందుగల గౌరవము అంతకు పదిరెట్లు తగ్గినది. "తిన్నరా సార్?" అని తెలుగున నొకడును, "జేవణ్ ఝాలం కా?" అని మరాఠీలో నొకడును, "ఊట ఆయ్తా?" అని కన్నడమున నొకడును పలుకరించు మద్నూరు మాది, కొంచెము నడచిన దెగ్లూరు, మఱికొంచెము నడచిన బీదరు సీమ. ఒక్కొక్కనికి నా రక్తపరీక్ష వృత్తాంతమును వాని వాని భాషలో విన్నవించుకొనునప్పటికి ప్రొద్దు క్రుంకుచున్నది. మూడు రాష్ట్రముల సరిహద్దున నివసించుట గొప్పయని బడిలో నేనే పిల్లలకు చెప్పియుంటిని. ఇప్పుడు అనుభవించుచున్నాను.

వీరందఱు మూడు భాషలలో చెప్పునది మాత్రము ఒక్కటే మాట. "అన్నం బంద్ వెట్టినవా, మంచిగ చేసినవ్ సార్. జొన్నరొట్టె తిను, దానికేం గాదు." నూరు గ్రాముల బియ్యమున పిండిపదార్థము ఇంచుమించు 78 గ్రాములు, జొన్నలలో 70కి అటునిటు. పీచు కొంత అధికమన్నది నిజమే. అయినను చేటంతేసి రొట్టెలు నాలుగు, శనగపిండి పిట్లతో నంజుకొని, పైన మిరపకాయ నూరిన కారము దట్టించి లోపలికి పంపిన పిదప, ఆ పీచొక్కటియే నిలువబడి అంత పిండితోను యుద్ధము చేయగలదా? ఈ ప్రశ్న వేసినందులకు మా వీధిలో నన్ను జొన్నల ద్రోహిగా చూచుచున్నారు.

ఇది చాలదన్నట్లు మా బావమఱది యొకడు, వీరమాచనేని రామకృష్ణగారి ఆహారనియమ ప్రసంగములను ఫోనున వినివిని వాటిని వేదముగ వల్లించువాడు, దినమునకు 70 నుండి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు అని లెక్క యప్పగించి, "కొబ్బరినూనె తాగు బావా, షుగర్ ఎట్ల పోదో చూస్త" నని సవాలు విసరినాడు. మా సీమలో పత్తి పండును, సోయా పండును, కంది, పెసర, మినుము పండును. కొబ్బరికాయ యన్ననో, సలాబత్‌పూర్ హనుమంతునికి కొట్టుటకై పరాయి ప్రాంతమునుండి లారీలో దిగవలసిన వస్తువు. అంగడికి బోయి కొబ్బరినూనె యడిగితిని. సావుకారి చేయి అలవాటు చొప్పున నీలిసీసా మీదికి పోయినది. "తాగేందుకు" అంటిని. ఆ చేయి గాలిలోనే నిలిచిపోయినది. అతడు నన్ను ఆపాదమస్తకము చూచి, అందున మస్తకమును మఱి రెండు క్షణములు అధికముగా చూచి, "సార్, గిది నెత్తికా, కడుపుకా?" అని యడిగెను.

పాపమాతని నవ్వరాదు. సరిగా ఆ ప్రశ్నమీదనే ఈ దేశమున పన్నులవారును వర్తకులును ఏండ్ల తరబడి వ్యాజ్యమాడిరి. తినునూనెకు పన్ను తక్కువ, తలనూనెకు ఎక్కువ; జి.ఎస్.టి. వచ్చిన పిదప అవి 5 శాతము, 18 శాతముగా నుండెడివి. కనుక చిన్న సీసాలోని కొబ్బరినూనె వంటయింటిదా, అద్దము ముందరిదా అని తేల్చవలసివచ్చినది. 2018లో సర్వోన్నత న్యాయస్థానమున ఇద్దరు న్యాయమూర్తులు చెఱియొక మాట చెప్పిరి. పిదప ముగ్గురు కూర్చుండి, తలనూనెయని ప్రత్యేకముగా చెప్పి అమ్మనంతవఱకు అది తినునూనెయే యని 2024 డిసెంబరు 18న నిర్ణయించిరి. హమ్మయ్య, కడుపు గెలిచినదని వర్తకులు ఊపిరి పీల్చుకొని యేడాదియైన నిండకమునుపే, 2025 సెప్టెంబరు 22 నుండి తలనూనె పన్నును సైతము 5 శాతమునకు దించివైచిరి. అన్ని యేండ్ల వాదోపవాదములు, అన్ని కట్టల కాగితములు, అంతమంది వకీళ్ల నల్లకోట్లు — తుదకు తలయు కడుపును ఒక్కటే!

ఇదంతయు సావుకారికి విన్నవించి సీసా కొనితెచ్చి, మఱునాటి యుదయమున రెండు చెంచాలు మ్రింగితిని. ఆనాడు సాయంకాలము వఱకు నేను నోరు విప్పినప్పుడెల్ల, నున్నగా దువ్వి రెండు జడలు వేసిన బడిపిల్ల యెవతెయో ఇంటిలోనికి వచ్చినట్లు వాసన. మిగిలిన నూనెను మా యింటావిడ తలకు రాచుకొని, ఆ వ్యాజ్యమును తన పక్షమున ముగించినది.

చక్కెర కర్మాగారము కొఱకై శక్కర్‌నగర్ అని పేటకే పేరు పెట్టుకొన్న బోధను మాకు దూరము కాదు. ఆ కర్మాగారము 2015లో మూతపడినది. నా నెత్తుటిలోని కర్మాగారము మాత్రము మూడు షిఫ్టులు నడచుచున్నది. ఆ మాటనే వైద్యునితో ననగా, అతడు నవ్వక మఱియొక మాత్ర వ్రాసెను.

అసలు నన్ను తొలుచుచున్నది వేఱొకటి. 1972 కరవునాటికి నాకు ఏడేండ్లు. అంతకు ముందును మా యింట గటకయు రొట్టెయే. బియ్యపు బువ్వ పండుగకును, చుట్టము వచ్చిననాడును, జ్వరము తగిలిననాడును మాత్రమే. బువ్వ కొఱకు జ్వరము రావలెనని హనుమంతునికి మ్రొక్కుకొన్న రోజులు గలవు. జ్వరము నిజముగ వచ్చిన, అమ్మ పిడికెడు బియ్యము వండి నా కంచమున బెట్టి, వార్చిన గంజిలో ఉప్పు వేసికొని తాను త్రాగెడిది. వృద్ధాప్యమున ఆమెకును ఈ వ్యాధియే వచ్చినది. అప్పటికి ఇంట బియ్యమునకు కొదువ లేదు. చదువుకొన్న కొడుకును నేనుంటిని. "పెరుగుల కలిపి ఒక్క ముద్ద పెట్టరాదు బిడ్డా" అని యొకనాడు రాత్రి యడిగినది. నేను వైద్యుడు వ్రాసిన కాగితము తెచ్చి చదివి వినిపించితిని. ఆమె మఱి యడుగలేదు.

2025 ఉగాది మొదలు రేషను దుకాణమున తలకు 6 కిలోల సన్నబియ్యము ఇచ్చుచున్నారు. మొన్న వరుసలో నిలుచుంటిని. నా సంగతి అచ్చటికిని ప్రాకినట్లున్నది, యంత్రముపై నా బొటనవ్రేలు ఉండగనే డీలరు తల యెత్తి, "సార్, మీ వంతు గూడ కాటా పెట్టాల్నా?" అని యడిగెను.

పెట్టుమంటిని.