పసుపే గదా!

ఆర్మూరుకి పసుపు తేవడమంటే కోనసీమకి కొబ్బరికాయలు మోసుకుపోవడమే. మా బావమరిది ఆ పని డాలస్ నుంచి విమానమెక్కి మరీ చేశాడు. మాది నిజామాబాద్ పార్లమెంటు నియోజకవర్గం. 2019 ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా పోటీకి దిగితే, ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. అలాంటి చోటికి సీసాలో పసుపు గోలీలు!

"మోకాళ్లకు మంచిది బావా. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అన్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, అదే చెట్టు అమెరికా వెళ్లి మూత బిగించుకుని వస్తే భక్తి దానంతటదే పుడుతుంది. మా అమ్మ సీసాని దేవుడి గూట్లో పెట్టి, గోలీలు మింగడం మొదలెట్టింది.

నాకు చీటీలు చదివే జబ్బు ఉంది. గోలీ 500 మిల్లీగ్రాములు, అందులో కర్క్యుమిన్ సరుకు 95 శాతం. మన పసుపులో అది నూటికి మూడు పాళ్లు ఉంటే గొప్ప. లెక్కేస్తే ఒక్క గోలీలో ఐదు చెంచాల పసుపు సారం ఉంది. ఐదు చెంచాలు పప్పులో వేస్తే మా ఇంట్లో విడాకులవుతాయి. ఆహారంలో రంగుగా వాడే కర్క్యుమిన్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు పెట్టిన హద్దు, కిలో బరువుకి రోజుకి 3 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 180. ఒక్క గోలీతోనే హద్దు దాటి పొరుగూరు చేరతాం.

పైగా అందులో మిరియాల సారం కూడా కలిపారు. కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు. మిరియాల్లోని పైపరిన్ తోడైతే ఇరవై రెట్లు పడుతుందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్లు తేల్చారు. చిక్కేమిటంటే, పైపరిన్ కర్క్యుమిన్‌కి ఒక్కదానికే తలుపు తీసి ఊరుకోదు. మనం మింగే వేరే మందుల్లో కొన్నిటిని కూడా మోతాదు మించి లోపలికి పంపుతుంది.

గోలీల్లో పస లేదనను. అరిగిన మోకాళ్ల నొప్పి కొంత తగ్గుతుందని చిన్నచిన్న పరీక్షల్లో కనబడింది. కానీ 2022లో ఇటలీ, 2023లో ఆస్ట్రేలియా ఇలాంటి గోలీలతో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని హెచ్చరించాయి. అరుదే. అయినా పసుపు ఒంటికి రాసుకుంటే పెళ్లికళ, మింగాక కళ్లు పచ్చబడితే కామెర్లు. అప్పుడు గోలీ మానేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, గర్భిణులు, ఆపరేషన్‌కి తేదీ పడినవాళ్లు డాక్టరు చెప్పందే సీసా మూత తీయకూడదు.

ఇదంతా అమ్మకి చెప్పాను. "పసుపే గదా బిడ్డా, ఏమైతది?" అంది. ఆ మాటకి ఎదురు చెప్పే దమ్ము మా వంశంలో ఎవరికీ లేదు.

అమ్మ గుండెకి స్టెంట్ వేశారు. రక్తం పలచబడే మాత్ర వాడుతోంది. నెలవారీ పరీక్షకి వెళ్తే, "ఇంకేమన్నా మందులు వాడుతున్నవా అమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"ఏం లేవు సారూ."

సీసా తీసి బల్ల మీద పెట్టాను. అమ్మ నావైపు చూసిన చూపులో, తొమ్మిది నెలలు మోసినందుకు పశ్చాత్తాపం కనబడింది.

డాక్టరు చీటీ చదివి, "ఇది కూడా రక్తాన్ని పలచబరుస్తది. ఆ మాత్రతో కలిస్తే చిన్న దెబ్బ తగిలినా నెత్తురు తొందరగ ఆగకపోవచ్చు. బంద్ చెయ్" అన్నాడు.

"మరి పప్పుల పసుపు?"

"అది ఎప్పటిలెక్కనే వేసుకో తల్లీ."

పైసలు పోసి కొన్నదాన్ని పారేయడం అమ్మ చేతకాని పని. మర్నాడు పొద్దున్నే గోలీలన్నీ విప్పి, పొడి తడిపి గడపకు రాసింది. బాగా శుద్ధి చేసిన సారం కదా, రంగు పచ్చగా కాక నారింజగా తేలింది. దూరంగా జరిగి చూసి పెదవి విరిచింది.

"మోసపోయిండు పిలగాడు. ఇది పసుపే గాదు."