మామ్మగారికీ నాకూ శుక్లాలే

నా పేరు స్వీటీ. కాపురం విజయవాడ సింగ్‌నగర్‌లో, కింది వాటాలో. తెల్లటి బొచ్చు, కోసు మూతి, వీపు మీదకి చుట్టుకున్న తోక చూసి వీధిలో అందరూ నన్ను పామరేనియన్ అంటారు. నిజానికి నేను ఇండియన్ స్పిట్జ్‌ని. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ సినిమాలో టఫీ అనే కుక్క ఉందే, అది మా జాతిదే. ఆ సంగతి తెలిస్తే ఇంట్లో నా పరపతి కాస్త పెరిగేదేమో గానీ, ఎవరూ అడగలేదు.

నన్ను సత్యనారాయణపురంలో ఒకరింట్లోంచి తెచ్చుకున్నారు. బాల్యం గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. పాలు తాగాను, చెప్పులు కొరికాను, తిట్లు తిన్నాను, పెద్దదాన్నయ్యాను. చెప్పుకోవాల్సిందంతా కళ్ళ గురించే.

వయసులో ఉన్నప్పుడు నా చూపంటే నాకు చెడ్డ గర్వం. పగటిపూట రంగుల లెక్కలో మీదే పైచెయ్యి, కాదనను. మాకు నీలమూ పసుపూ బాగా తెలుస్తాయి. ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకేలా మట్టి రంగులో కనిపిస్తాయి. అది తెలియక మామ్మగారి అబ్బాయిగారు పచ్చగడ్డిలోకి ఎర్రబంతి విసిరి, నేను వెతుక్కుంటుంటే “దీనికి బుర్ర లేదు” అనేవారు. నీలం బంతి కొనిపెట్టి ఉంటే ఎవరికి బుర్ర లేదో తేలిపోయేది. కానీ చీకటి పడిందా, రాజ్యం నాది. మా కంటి వెనక మెరుపు పొర ఒకటుంటుంది. లోపలికి వచ్చిన వెలుగుని అది రెటీనా మీదకి ఇంకోసారి తిప్పి కొడుతుంది. టార్చి వేస్తే మా కళ్ళు మెరిసేది అందుకే. ఎండాకాలం రాత్రి కరెంటు పోయి ఇంటిల్లిపాదీ అగ్గిపెట్టె కోసం తడుముకుంటుంటే, నేను ఎవరి కాళ్ళకీ అడ్డం పడకుండా పెరటి గుమ్మం దాకా వెళ్ళి, ప్రహరీ మీద పిల్లి ఉందో లేదో చూసి వచ్చేదాన్ని.

ఏడేళ్ళు దాటాయి. ఒకరోజు కోడలుగారు నా మొహం ఎండకేసి తిప్పి, “అయ్యయ్యో, స్వీటీకి శుక్లాలు వచ్చేశాయి” అని గగ్గోలు పెట్టారు. నల్లగుడ్డు నడిమధ్యన నీలం కలిసిన బూడిద రంగు కనిపించిందట. ఆటో ఎక్కించి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన గది చీకటి చేసి, కంట్లోకి లైటు వేసి చూసి నవ్వారు. “ఇది శుక్లం కాదమ్మా, వయసు. కంట్లో లెన్సుకి బతికినన్నాళ్ళూ కొత్త పొరలు పుడుతూనే ఉంటాయి. పాతవి లోపలికి నొక్కుకుపోయి గట్టిపడతాయి. అందుకే ఈ నీలం. వెలుగు లోపలికి శుభ్రంగా పోతోంది. మరీ దగ్గరి వస్తువు కాస్త మసకేస్తుందేమో, అంతే” అన్నారు. తిరిగొచ్చేటప్పుడు నాకు బిస్కెట్ ప్యాకెట్ కొనిపెట్టారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నా కొంప ముంచిందీ ఆ నిజమే. ఆ తర్వాత నేను దేనికి తడబడినా ఇంట్లో సిద్ధంగా ఒక జవాబు ఉండేది: “డాక్టరు ఏం లేదన్నాడుగా!”

పదో ఏట దాహం పట్టుకుంది. గిన్నెడు నీళ్ళు తాగినా ఇంకా కావాలనిపించేది. తాగిన నీళ్ళు ఊరుకుంటాయా? బయటికి తీసుకెళ్ళేదాకా ఆగలేక ఒకసారి హాల్లో, ఇంకోసారి కొత్త కార్పెట్ మీద కానిచ్చేశాను. “ముసలిదైపోయింది, అదుపు తప్పింది” అని నా గోనెపట్టా తీసి మేడమెట్ల కిందకి మార్చారు. సోఫా కాళ్ళ దగ్గర పడుకునేదాన్ని, మోటారు స్విచ్చు పక్కన, చీపురుకట్టకి తోడుగా మిగిలాను. తిండి తింటూనే ఉన్నాను, చిక్కిపోతూనే ఉన్నాను. అదేంటని అడిగినవాళ్ళు లేరు.

కనిపెట్టింది మామ్మగారు. “ఒరేయ్, నాకు షుగరొచ్చిన కొత్తలో నేనూ ఇలాగే చెంబులు చెంబులు తాగానురా. దీనికి రక్తం పరీక్ష చేయించు” అని కొడుకు వెంట పడ్డారు. అబ్బాయిగారు నవ్వేశారు. మామ్మగారు ఆ పూట అన్నం మానేశారు. పరీక్షలో షుగరు తేలింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో ఇది ఎక్కువట. ఆ ఆపరేషన్ చేయించమని చిన్నప్పుడే చెప్పారు, రేపూ మాపూ అనుకుంటూ వదిలేశారు. మామ్మగారికి ఒకటి, నాకొకటి, ఇన్సులిన్ సీసాలు రెండూ ఫ్రిజ్‌లో ఒకే అరలో చేరాయి.

అప్పటికే నా కళ్ళు తెల్లబడుతున్నాయి. ఈసారి నీలం కాదు, పాల తెలుపు. రక్తంలో చక్కెర పెరిగితే అది లెన్సులోకి చేరి, అక్కడ సార్బిటాల్‌గా మారి, నీటిని లాక్కుంటుంది. లెన్సు ఉబ్బి తెల్లబడిపోతుంది. మనుషుల్లో ఏళ్ళు పట్టే పని మాలో వారాల్లో అయిపోవచ్చు. షుగరొచ్చిన కుక్కల్లో నాలుగింట మూడొంతులకి ఏడాది తిరిగేసరికి శుక్లాలు వస్తాయని డాక్టరుగారు చెబుతుంటే బల్ల మీద కూర్చుని విన్నాను. ఆయన కోటు నీలమో తెలుపో తేల్చుకోలేకపోయాను.

మామ్మగారి శుక్లాల ఆపరేషన్ నాకు బాగా గుర్తు. బందరు నుంచి ఆడపడుచు వచ్చింది, గుడివాడ నుంచి తమ్ముడు యాపిల్ పళ్ళు తెచ్చాడు. నల్ల కళ్ళజోడు పెట్టుకుని మామ్మగారు వారం రోజులు మంచం మీంచే ఇల్లు నడిపించారు. గంటగంటకీ చుక్కలు వేయడానికి ఫోన్లో అలారం. ఇక నా వంతు. శుక్లాన్ని కరిగించే చుక్కల మందేదీ లేదని, చేస్తే ఆపరేషనే చెయ్యాలని డాక్టరు చెప్పారు. ముందు రెటీనా పనిచేస్తోందో లేదో పరీక్ష చూస్తారట, ఆ తర్వాత అల్ట్రాసౌండుతో లెన్సుని పొడిచేసి లాగేస్తారట. చెన్నై వేపేరిలో మద్రాసు వెటర్నరీ కాలేజీ పేరు చెప్పారు. పినాకినీ ఎక్కితే మధ్యాహ్నానికల్లా మద్రాసే కదా అన్నారు మామ్మగారు. “దానికి చూపెందుకమ్మా, ఉద్యోగం చెయ్యాలా?” అన్నారు అబ్బాయిగారు.

న్యాయంగా చెప్పాలంటే, అది చిన్న ఖర్చు కాదు. తర్వాత నెలల తరబడి చుక్కలు, మెడకి గొట్టం, పదేసిసార్లు ప్రయాణం. అందరి వల్లా కాదు. ఆపరేషన్ చేయించలేదని నేను అలగలేదు. నా చూపు పూర్తిగా ఎప్పుడు పోయిందో ఇంట్లో ఒక్కరికీ తెలియదే, ఆ మాటే ఇప్పటికీ కెలుకుతుంది. ఎలా తెలుస్తుంది? గేటు నుంచి గుమ్మానికి ఎన్ని అడుగులో, వంటగది మలుపు ఎక్కడో, నీళ్ళగిన్నె వాసన ఏ మూల నుంచి వస్తుందో నాకు కంఠతా వచ్చు. గుడ్డిదాన్నయ్యాక కూడా చాలాకాలం చక్కగానే తిరిగాను. మా ఇంటి పాప తన స్కూటీని కొత్త చోట నిలబెట్టిన రోజు దాన్ని గుద్దుకున్నాను. “ఈ మధ్య దీనికి పొగరెక్కింది, చూసుకోకుండా పరిగెడుతోంది” అన్నారు.

ఈ విషయంలో ఎదురింటి లాబ్రడార్ కథ నా కథకంటే విచిత్రం. వాడికి వంశపారంపర్యంగా వచ్చిన రెటీనా జబ్బు. మొదట రేచీకటి, తర్వాత పగలు కూడా చీకటే, మందు లేదు. ఆ జబ్బులో కంటిపాప పెద్దదై, రెటీనా పలచబడి, వెనక పొర ఇంకా ఎక్కువ మెరుస్తుంది. రాత్రి కారు లైట్లలో వాడి కళ్ళు చూసి వాళ్ళ అయ్యగారు “మావాడి కళ్ళు చూడండి, లైట్లే!” అని వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవారు. వాడు చీకట్లో మెట్లు దిగనని మొరాయిస్తే బద్ధకం అనేవారు. ఇక సందు చివర నల్లోడు, వీధికుక్క. ఒంటినిండా గోమార్లు, వాటి నుంచి జ్వరం. ఆ జ్వరం రక్తంలోంచి కంటికీ ఎక్కుతుంది. కళ్ళు ఎర్రగా, లోపల రక్తం కూడుకుని ఉండేవని మామ్మగారు చెప్పేవారు. డాక్సీసైక్లిన్ బిళ్ళలు నాలుగు వారాలు వేస్తే తగ్గాల్సిన జబ్బు. వీధికుక్కకి నాలుగు వారాలు బిళ్ళలు వేసేదెవరు?

నా ఎడమకన్ను సంగతి చెప్పాలి. గులాబీ కుండీని ఎవరో దారికి అడ్డంగా జరిపారు. ముల్లు గుచ్చుకుంది. కన్ను తెరవలేక, పుసి కడుతూ గోడవారన పడుకున్నాను. అబ్బాయిగారికి జాలేసింది. ఫ్రిజ్ తలుపులో మామ్మగారి ఆపరేషన్ నాటి చుక్కలు మిగిలి ఉన్నాయి. “మనిషికి పనికొచ్చింది కుక్కకి పనికిరాదా” అని పూటకి రెండేసి వేశారు. ప్రేమతోనే వేశారు. అందులో స్టెరాయిడ్ ఉంది. గుడ్డు మీద గాయం ఉన్నప్పుడు స్టెరాయిడ్ పడితే గాయం మానదు, లోతుకి దిగుతుంది. పైగా నాది షుగరు ఒళ్ళు.

మూడోనాటికి వాపు చూసి గన్నవరం తీసుకెళ్ళారు. అక్కడి పశువైద్య కళాశాల 1998 నుంచీ ఉంది. ఇంటి నుంచి ఓ ఇరవై కిలోమీటర్లు. ఓ కుర్ర డాక్టరమ్మ నా కింది రెప్పలో కాగితపు ముక్క పెట్టి నిమిషం లెక్కపెట్టింది. కన్ను మంచిదైతే ఆ కాగితం 15 మిల్లీమీటర్లకి తగ్గకుండా తడవాలి. నాది సగం కూడా తడవలేదు. కన్నీరే ఎండిపోయిందన్నమాట. తర్వాత నారింజ రంగు చుక్క వేసి నీలం లైటు పెడితే గాయం ఉన్నంత మేరా ఆకుపచ్చగా వెలిగిందట. “ఈ చుక్కలు ఎవరు రాశారు?” అని ఆమె అడిగింది. అబ్బాయిగారు గోడ మీద క్యాలెండరు చూశారు. కన్ను నిలిచింది గానీ తెల్లటి మచ్చ పడింది. పొడికంటికి సైక్లోస్పోరిన్ లేపనం, రోజూ రెండు పూటలా, బతికినన్నాళ్ళూ.

2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి వచ్చింది. దాన్ని విజయవాడ దుఃఖదాయని అంటారు. గట్టు తెగిన వాసన మీకంటే ముందు నాకే తెలిసింది: బురద, డీజిలు, చచ్చిన చేపలు. అరిచాను. “ఊరుకోవే” అన్నారు. గంటలో నీళ్ళు మంచం పట్టీ దాటాయి. నన్ను చంకన పెట్టుకుని డాబా ఎక్కింది మామ్మగారే, మోకాళ్ళ నొప్పులతో. మర్నాటికి అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకి పైగా వరద పోతోందని పక్క డాబా మీద రేడియో చెబుతోంది. కరెంటు లేదు, ఫ్రిజ్ మునిగింది. ఇన్సులిన్ సీసాలు రెండిటినీ పాలిథిన్ కవర్లో మూటకట్టి మట్టికుండ నీళ్ళలో వేలాడదీశారు మామ్మగారు. పడవ మీద వచ్చిన పులిహోర పొట్లంలో నాకూ ఓ పిడికెడు దక్కింది.

నీళ్ళు తీశాక అసలు గుడ్డితనం అంటే ఏమిటో తెలిసింది. ఫైరింజన్లతో ఇళ్ళు కడిగారు. ఊరంతా బ్లీచింగ్, ఫినాయిల్. సోఫా, బీరువా, బియ్యం డబ్బా, నా గోనెపట్టా అన్నీ వీధిలో చెత్తకుప్పలో చేరాయి. ఏళ్ళ తరబడి ముక్కుతో రాసుకున్న దారులన్నీ చెరిగిపోయాయి. సొంత హాల్లో నిలబడి ఎటు వెళ్ళాలో తెలియక మొరిగాను. కొత్త సామాను వచ్చింది, వారానికోసారి జరిపారు. అప్పుడు మామ్మగారు ఇంట్లో శాసనం చేశారు: సామాను జరపకూడదు, నీళ్ళగిన్నె కదపకూడదు. ప్రతి గుమ్మం దగ్గరా ఒక కొబ్బరిపీచు పట్టా వేయించారు. పాదం కింద గరుకు తగిలితే గుమ్మం వచ్చిందని గుర్తు. ఆమె చేతికర్రకి పాప పాత మువ్వలు కట్టారు. ఎవరినైనా తాకే ముందు పేరుపెట్టి పిలవాలి. నిద్రలో ఉన్న గుడ్డికుక్కని మాటలేకుండా ముట్టుకుంటే కరుస్తుంది, అది దాని తప్పు కాదు. ఇంతకీ వీటిలో ఒక్కదానికీ వంద రూపాయలకి మించి ఖర్చు కాలేదు.

చదువుతున్న మీకో మాట. మీ ఇంట్లో కుక్కకి ఏడేళ్ళు దాటితే దాని కంటి రంగు ఒక్కటే చూడకండి, నడక చూడండి. దాని ముందు చిన్న దూది ఉండ జారవిడవండి. చప్పుడు చెయ్యదు, వాసనా రాదు. చూపుంటే తల తిప్పుతుంది. కుర్చీలు అటూ ఇటూ పెట్టి ఒకసారి లైటు వేసి, ఒకసారి తీసి నడిపించండి. కన్ను ఎర్రబడినా, ఉబ్బినా, తెరవలేకపోయినా తెల్లారేదాకా ఆగకండి. అది నీటికాసులైతే ఒకటి రెండు రోజుల్లోనే చూపు పోతుంది, నొప్పి మాత్రం మిగులుతుంది. ముందు ఆ ఫ్రిజ్ తలుపు తెరిచి, ఎవరి ఆపరేషన్‌దో మిగిలిపోయిన చుక్కల సీసా ఉంటే ఇవాళే పారేయండి.