తరుగు లేని ఐకమత్యం

ప్రభుత్వ కొనుగోళ్లలో అవినీతిని అరికట్టడానికి జట్టు కట్టదలచినవారు మొదట గుర్తించవలసిన సంగతి, అక్కడ ఒక జట్టు ఇప్పటికే ఉందన్నది. దానికి రిజిస్ట్రేషను లేదు, లెటర్‌హెడ్ లేదు, సర్వసభ్య సమావేశం ఏనాడూ జరగలేదు. అయినా సభ్యుల్లో ఎవరూ గైర్హాజరు కారు. కొనేవాడు, అమ్మేవాడు, తూచేవాడు, రాసేవాడు, సంతకం పెట్టేవాడు, వీరందరినీ పేరుపేరునా ఎరిగిన నాయకుడు ఇందులో ఉంటారు. కుల, మత, ప్రాంత, పార్టీ భేదాలు లేకుండా కలిసి పనిచేసే సంస్థ దేశంలో ఉందా అని అడిగేవారికి చూపించదగినది ఇదొక్కటే.

ఈ జట్టును, దానికి ఎదురు జట్టును కలిపి పరిశీలించడానికి నెల్లూరు సీమ అనువైన చోటు. ఇక్కడ ఏటా ధాన్యం కొనుగోలు జరుగుతుంది. సర్కారు వేలంపాటను కూలినాలి చేసుకునే ఆడవాళ్లు ఆపిన చరిత్ర కూడా ఈ జిల్లాదే.

కొనుగోలు విధానం కాగితం మీద చాలా సులభం. పెన్నా కాలువల కింద కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో పండిన వరికి కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. 2025-26కు సాధారణ రకం క్వింటాలు 2,369 రూపాయలు, ఏ గ్రేడు 2,389. గింజలో తేమ 17 శాతం మించకూడదు. ఈ-పంట నమోదులో పేరున్న రైతు ధాన్యాన్ని రైతు సేవా కేంద్రం ద్వారా కొంటారు, ట్రక్‌షీటు రాసి మిల్లుకు తోలుతారు, డబ్బు ఖాతాలో పడుతుంది. ఇంత చక్కటి పద్ధతిలో అవినీతికి చోటెక్కడిదని రాజధానిలో కూర్చున్నవారికి సందేహం రావడం సహజం.

చోటు పుట్టిలో ఉంది. ప్రభుత్వం క్వింటాళ్లలో మాట్లాడుతుంది, నెల్లూరు రైతు పుట్లలో మాట్లాడతాడు. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. సాధారణ రకానికి ఆ మద్దతు ధర ప్రకారం పుట్టికి రావలసింది 20,136 రూపాయల 50 పైసలు. అయితే పుట్టికి సాగే గుణం ఉంది. ధర పడిపోయిన సీజన్లలో వ్యాపారులు పుట్టి పేరుతో వెయ్యి కిలోలు దాటించి తూచుకుంటున్నారని రైతులు రోడ్డెక్కిన సందర్భాలున్నాయి. 850 కాస్తా 1,050 అయిందనుకుంటే, అదే డబ్బుకు క్వింటాలు ధర సుమారు 1,918 రూపాయలకు దిగుతుంది. ఇందులో మెచ్చుకోవలసిన విషయం, మద్దతు ధర నుంచి ఎవరూ ఒక్క పైసా తగ్గించలేదు. రాసిన ధర రాసినట్టే ఉంది. పుట్టి ఒక్కటే కాస్త ఒళ్లు చేసింది.

రెండో చోటు తేమ. రైతు సేవా కేంద్రం దగ్గర 17 చూపిన గింజ మిల్లు గేటు దగ్గర 20 చూపుతుంది. మధ్యలో ఉన్నది అయిదారు కిలోమీటర్ల తారురోడ్డు, నెత్తిన మే నెల ఎండ. ఆ దారిలో గింజ నీళ్లు ఎక్కడ తాగిందో వ్యవసాయ శాస్త్రం ఇంకా తేల్చలేదు. తేమకింత, తాలుకింత, మట్టికింత అని తరుగు లెక్క మొదలవుతుంది. రైతు ఒప్పుకోకపోతే బలవంతమేమీ లేదు, లారీ గేటు బయట నిలబడుతుంది. వెయిటింగు చార్జీ ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. సాయంత్రానికి బంగాళాఖాతంలో అల్పపీడనమని టీవీలో వస్తుంది. ఫోను చేసి పిలవకుండానే వచ్చి జట్టుకు సాయపడే సభ్యురాలు ఆ అల్పపీడనం. మబ్బు చూసిన రైతు బస్తాకు రెండు కిలోల తరుగుకు తల ఊపుతాడు.

మూడో చోటు పేరు. పొలం దున్నేది కౌలు రైతు, పాస్‌పుస్తకం ఉన్నది ఏ చెన్నైలోనో బెంగళూరులోనో ఉండే ఆసామి దగ్గర. కౌలు కార్డు రావాలంటే ఆసామి సంతకం కావాలి, సంతకం పెడితే పొలం పోతుందేమోనని ఆయన భయం. కార్డు లేని కౌలుదారు కళ్లం దగ్గరే దళారికి అమ్ముకుంటాడు. అదే ధాన్యం తరవాత వేరొకరి పేరు మీద మద్దతు ధరకు సర్కారు ఖాతాలో చేరిపోవచ్చు. గింజ మారలేదు, గోతం మారలేదు, రైతు మాత్రం మారాడు.

ఈ ఏర్పాటు ఇంత నిలకడగా ఉండటానికి కారణం లెక్కలో ఉంది. పోయేది తలా కాస్త, వచ్చేది కొందరికే. బస్తాకు రెండు కిలోలు పోయినవాడు దానికోసం కూలి మానుకుని కలెక్టరాఫీసు చుట్టూ తిరగడు. వేల బస్తాల మీద రెండేసి కిలోలు వచ్చేవాడు దానికోసం ఎక్కడికైనా తిరుగుతాడు.

ధాన్యంలోనే కాదు, సర్కారు టెండర్లలోనూ ఉన్నది ఇదే జట్టు. దీన్ని బాగుచెయ్యకుండా ప్రభుత్వాలు ఊరుకోలేదు. ఒకప్పుడు టెండరు అంటే ఆఫీసు వరండాలో ఒక పెట్టె, పెట్టె చుట్టూ కండలు తిరిగిన మనుషులు. బయటివాడు కవరు వెయ్యడానికి వస్తే తన ఆరోగ్యం గురించి ఒకసారి ఆలోచించుకునేవాడు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందువరసలో నిలిచి ఈ-ప్రొక్యూర్‌మెంటు తెచ్చింది. పెట్టె కంప్యూటర్లోకి వెళ్లింది. కండల మనుషులకు పని పోయింది, అర్హత నిబంధనలు రాసేవారికి పని పెరిగింది. ఎవరికి టెండరు రావాలో ముందే తేల్చుకుని వారి కొలతలకే నిబంధనలు కుడితే, పోటీ ఎంత పారదర్శకంగా జరిగినా నష్టం లేదు.

2019లో తక్కువ ధరకు దిగుతూ పాడే రివర్స్ టెండర్లు వచ్చాయి, 100 కోట్లు దాటిన పనుల టెండర్లను మాజీ న్యాయమూర్తి ముందుగా పరిశీలించే చట్టం వచ్చింది. ప్రభుత్వం మారాక 2024లో రెండూ పోయాయి. తెచ్చినవారు కోట్లు ఆదా చేశామన్నారు, తీసేసినవారు నాణ్యత పోయింది, పనులు ఆలస్యమయ్యాయన్నారు. ఆ టెండర్లతో వేసిన రోడ్ల మీద నడిచే మనుషుల్ని అడగాలని ఏ పక్షానికీ తోచలేదు. అందుకే ఆ సంస్కరణను కాపాడుకోవడానికి ఒక్క ఊరూ కదల్లేదు. పైనుంచి వచ్చిన సంస్కరణకు ఆయుష్షు సాధారణంగా అయిదేళ్లు. ఏ ప్రభుత్వమైనా గత ప్రభుత్వపు కొనుగోళ్లలోనే అవినీతిని కనుక్కుంటుంది. తన కొనుగోళ్లలో కనుక్కునే బాధ్యతను ఎంతో ఉదారంగా తరవాతివారికి వదిలిపెడుతుంది.

కిందినుంచి కట్టిన జట్టుకు జిల్లాలో ఉన్న ఉదాహరణ కలిగిరి మండలం దూబగుంట. అక్కడ సర్కారు కొన్నది కాదు, అమ్మింది. సారా అమ్ముకునే హక్కును ఏటా వేలం వేసేవారు, కాంట్రాక్టర్లు తమలో తాము కలిసి పాడుకునేవారు. 1990ల మొదట్లో అదే సర్కారు అక్షరాస్యత ఉద్యమం కూడా నడిపింది. ఒక శాఖ ఆడవాళ్లకు పలక ఇచ్చింది, ఇంకో శాఖ వాళ్ల మొగుళ్లకు సారా ప్యాకెట్ ఇచ్చింది. పలక పట్టినవాళ్లు ప్యాకెట్ లెక్క వేసి చూస్తారని రెండు శాఖల్లోనూ ఎవరూ ఊహించలేదు. వర్ధినేని రోశమ్మ, ఆమె తోటివాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకి వేలంపాటల దాకా వచ్చింది. పాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. వామపక్షాలు, గాంధేయవాదులు, జన విజ్ఞాన వేదిక, మహిళా సంఘాలు, పత్రికలు, మరెక్కడా ఒక బల్ల దగ్గర కూర్చోనివారంతా ఒక్క కోరిక మీద నిలబడ్డారు: వేలం జరగకూడదు. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

ఆ జట్టు గెలవడానికి కారణాలు మూడు. కోరిక ఒకటే. నష్టం ప్రతి సభ్యురాలికీ రోజూ కంటికి కనిపించేది. సభ్యుల్లో ఎవరికీ సారాలో వాటా లేదు. తరవాత కథకూ కారణం ఉంది. కోరిక ఊరి రచ్చబండ నుంచి పార్టీల మేనిఫెస్టోకు ఎక్కింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. మేనిఫెస్టోకు ఎక్కిన కోరిక మళ్లీ రచ్చబండకు దిగిరావడం అరుదు.

బయటి దేశాల్లో ఇదే పని కొనుగోలు మీదనే చేశారు. ఫిలిప్పీన్సులో 2003లో ప్రభుత్వ కొనుగోళ్ల చట్టం టెండరు కమిటీల దగ్గర పౌరసంఘాల పరిశీలకులను కూర్చోబెట్టింది. అదే ఏడు బడి పుస్తకాలు నిజంగా చేరాయో లేదో స్కౌటు పిల్లలు లెక్కపెట్టారు. ఆ తరవాత మారుమూల బళ్లకు కోకాకోలా లారీలు పుస్తకాలు మోశాయి. మన స్కౌటు పిల్లలకు అంత తీరిక లేదు, మంత్రిగారి రాకకు ఎండలో వరస కట్టాలి. ఉక్రెయిన్‌లో ఉద్యమకారులు, వ్యాపారులు, అధికారులు కలిసి ప్రొజొరో అనే వ్యవస్థ కట్టారు. 2016 నుంచి ప్రభుత్వ టెండర్లు అందులోనే జరగాలి, ఎవరు ఎంతకు వేశారో ఎవరైనా చూడవచ్చు.

అంత దూరం పోనక్కర్లేదు. ఉపాధి హామీ పనుల మస్టర్లను ఊరి నడుమ చదివి వినిపించే సామాజిక తనిఖీని 2006లోనే ఈ రాష్ట్రం మొదలుపెట్టింది. చచ్చిపోయినవాళ్లు మట్టి మోసిన వైనం అలాగే బయటపడింది. ట్రక్‌షీట్లను కూడా అలా చదివితే ఏ ఎకరంలో ఎన్ని పుట్లు పండాయో, పండనివి ఎన్ని అమ్ముడుపోయాయో ఊరే చెబుతుంది. చదవకపోవడానికి కారణం ఊరికి లెక్కలు రాకపోవడం కాదు.

ఎదురు జట్టులో ఎవరుండాలో అవతలి జట్టును చూసే రాసుకోవచ్చు. అసలు తూకం హమాలీకి తెలుసు. లోడు ఎక్కడ దిగిందో లారీ డ్రైవరుకు తెలుసు. ఎంట్రీ ఎవరి పేరున పడిందో రైతు సేవా కేంద్రంలోని చిన్న ఉద్యోగికి తెలుసు, చెబితే ఉద్యోగం ఉండదని కూడా తెలుసు, కాబట్టి అతని పేరు బయటపెట్టకూడదు. నిక్కచ్చిగా ఉండే మిల్లరు అందరికంటే అవసరం. దొంగతూకంవాడితో పోటీపడి నష్టపోతున్నది అతనే, మిల్లు లోపలి సంగతి చెప్పగలిగిందీ అతనే. కౌలు రైతు లేని రైతు సంఘం కాటా దగ్గర సగం బరువే తూగుతుంది. రేషను బియ్యం తినే మనిషిని పిలవడం ఎవరికీ గుర్తుండదు.

చెయ్యకూడని పనులు కూడా స్థిరపడి ఉన్నాయి. మొదట అఖిలపక్షం పెట్టకూడదు, అవతలి జట్టువారే గౌరవాధ్యక్షులుగా వస్తారు. సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇచ్చి ఊరుకోకూడదు. అర్జీ మెట్టుమెట్టూ దిగి, ఎవరి మీద ఇచ్చారో వారి బల్ల మీదికే విచారణకు చేరుతుంది, ఫిర్యాదు పరిష్కారమైందని అర్జీదారు ఫోనుకు మెసేజి వస్తుంది. కోరికల పత్రంలో 14 అంశాలు ఉండకూడదు. పుట్టికి 850 కిలోలే, తూకం అందరి ఎదుట, ట్రక్‌షీటు నకలు రైతు చేతికి. ఈ మూడూ ఒక్క సీజను నిలబడితే మిగతా 11 వాటంతటవే మాట్లాడతాయి.

ఖర్చు కూడా పెద్దది కాదు. కాటా దగ్గర ఇద్దరు, మిల్లు గేటు దగ్గర ఇద్దరు, రిజిస్టరు దగ్గర చదువొచ్చినవారు ఒకరు, వీరు మొదటి సీజన్లోనే కాక రెండో సీజన్లోనూ రావాలి, ఎందుకంటే అవతలి జట్టు మొదటి సీజనుకు సెలవు పెట్టి రెండోదానికి వస్తుంది. అధ్యక్ష పదవి అక్కర్లేదు. దానికోసం వచ్చేవారికి శాలువా కప్పి పంపించవచ్చు. ఆ శాలువాను మాత్రం టెండరు లేకుండా బజార్లో కొనడం మంచిది.